సెరాఫిన్ నల్ల ప్యాంటు

లానెగ్,
6 అక్టోబరు 1957

అక్కా,

ఈ ఉత్తరం చదివి నువ్వు నవ్వుకుంటే నవ్వుకో గానీ, నీ కుట్టు దుకాణంలో ఆడపిల్లలకి మాత్రం చదివి వినిపించకు.

నాకో ప్యాంటు కావాలి. మామూలుది కాదు. నల్లగా, కాలికి అతుక్కుపోయి, పాదం కింద పట్టీతో బిగించుకునే సాగే గుడ్డ ప్యాంటు. పోయినేడు మన ఊరికి స్కీలకొచ్చిన జర్మన్ ఆడవాళ్ళంతా వేసుకు తిరిగారే, అది. మన ఊరి కుర్రాడు విగిల్ ఈ ఏడు స్కీ బడికి పెద్ద అయ్యాడు. చిన్నప్పుడు వాడి ముక్కు తుడిచి, కాళ్ళకి స్కీలు కట్టిందే నేను. ఇప్పుడు వాడు మమ్మల్నందరినీ కూచోబెట్టి చెప్పాడు, ఈ శీతకాలం నుంచి నేర్పేవాళ్ళంతా ఒక్కలా కనిపించాలట. ఎర్ర స్వెట్టరు, నల్ల సాగే ప్యాంటు. క్రిస్మస్ ముందు బడి తెరిచే రోజున అలా వరసలో నిలబడనివాడికి నేర్పడానికి జట్టు ఇవ్వరు.

"నా లాగుకేం తక్కువరా?" అన్నాను. నువ్వే కుట్టిచ్చిన ముతక ఉన్ని లాగు, మోకాళ్ళ దాకా, ఇప్పటికీ ఒక్క కుట్టు ఊడలేదు.

"ఏం తక్కువ లేదు బాబాయ్. కానీ ఆ లాగులో నిన్ను చూసి అతిథులు పశువులకాపరి అనుకుంటున్నారు" అన్నాడు.

అనుకోనీ, వేసవంతా నేను చేసేది అదే పని కదా. కానీ జట్టు దొరక్కపోతే నన్ను జనాన్ని కొండెక్కించే లిఫ్టు దగ్గర చెక్కగదిలో కూచోబెట్టి టిక్కెట్లకి చిల్లులు పెట్టమంటాడు. ముప్పై శీతకాలాలు కొండ మీద తిరిగినవాణ్ణి, కిటికీలోంచి జనం కొండెక్కడం చూస్తూ కూచోవాలా? దానికంటే నన్ను మంచులో పాతెయ్యండి.

పక్కింటి ఫిలొమేనా చేత కొలతలు తీయించి ఇందులో పెట్టాను. రొట్టెల పిండి ఆరిపోతోందని తొందరపడింది గానీ సరిగానే తీసింది. మరీ బిగుతుగా కుట్టకు. నాకు యాభై నాలుగేళ్ళని గుర్తుపెట్టుకో. స్వెట్టరు బడివాళ్ళే ఇస్తారు.

నీ తమ్ముడు,
సెరాఫిన్


ఇన్స్‌బ్రుక్,
11 అక్టోబరు

ఒరేయ్ పెద్దమనిషీ,

పిల్లలకి చదివి వినిపించలేదు. మా ఆగ్నెస్ నా భుజం మీంచి తనే చదివేసుకుంది. మధ్యాహ్నం దాకా ముగ్గురూ మిషన్ల మీద పడి నవ్వుతూనే ఉన్నారు. ఒక జేబు తలకిందులుగా కుట్టారు కూడా.

నీ ఫిలొమేనా కొలతలు పొయ్యిలో వేశాను. ఆవిడ తప్పేం లేదు. స్కీ ప్యాంటు నిలబడ్డ మనిషికి కుట్టరు నాయనా, వంగిన మనిషికి కుడతారు. నా దుకాణానికి ఎవరొచ్చినా చెక్కబల్ల ఎక్కించి, స్కీల మీద ఉన్నట్టే మోకాళ్ళు ముందుకి వంచమంటాను. నడుము కూడా వంచాక, ఇక కదలకుండా ఉండమంటాను. అప్పుడు టేపు పట్టుకుని చుట్టూ తిరుగుతాను. మొన్న ఒక జడ్జిగారు వచ్చారు. నేను వెనక కొలత ముగించేలోపే ఆయన తొడలు వణికి బీరువా తలుపు పట్టుకున్నారు. వంగినప్పుడు వెనకవైపు పొడుగు పెరుగుతుంది, మోకాలి దగ్గర గుడ్డ ముందుకి లాగుతుంది. నిలబడి కొలిచి కుట్టామనుకో, కొండ మీద వంగగానే నడుము కిందికి జారుతుంది, కింద పట్టీ పాదాన్ని కోసేస్తుంది. ఇదంతా నీకు తెలియంది కాదు. ముప్పై ఏళ్ళుగా మోకాళ్ళు వంచండని కొండంతా దద్దరిల్లేలా అరుస్తున్నావు.

గుడ్డ విషయానికొస్తే, నా దగ్గర మూడు రకాలున్నాయి. ఒకటి ఇక్కడి మిల్లుది. మొదటి నెలంతా బావుంటుంది, తరవాత మోకాళ్ళ దగ్గర సాగి మళ్ళీ వెనక్కి రాదు. అది నీకొద్దు. రెండోది స్విట్జర్లాండు నుంచి వచ్చింది, ఉన్నిలో నైలాను కలిపి నేశారు. సాగుతుంది, తిరిగి వస్తుంది, మంచు అంటుకోదు. మూడోది ఇంకా పల్చన, ఆడవాళ్ళు అడుగుతున్నారు. నువ్వది వేసుకుంటే ఫాదర్‌గారు నిన్ను చర్చిలోంచి వెళ్ళగొడతారు. కాబట్టి రెండోది. నలుపులోనూ రెండు నలుపులున్నాయి, ఒకటి ఎండలో ఆకుపచ్చ తిరుగుతుంది. అది నేను చూసుకుంటాను.

లోపల అమ్మ అల్లిన ఉన్ని లాగు వేసుకోవచ్చని ఆశపడుతున్నావేమో. ఈ ప్యాంటులో చీమ దూరినా బయటికి కనిపిస్తుంది. పల్చటి పట్టు కలిసిన ఉన్నిది కొని పెడతాను.

కొలతలకి నువ్వే రా. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి నా దగ్గరుంటావు. పందిమాంసం వేసి పిండి ఉండల సూపు చేస్తాను. నిన్ను చూసి ఏడాది దాటింది.

అవునూ, నీ నడుం కొలిచేంత చనువు ఆ ఫిలొమేనాకి ఎప్పుడొచ్చింది?

మీ అక్క,
ఒట్టిలీ


లానెగ్,
20 అక్టోబరు

అక్కా,

వద్దామనే అనుకున్నాను. కానీ ఎర్రావు ఈనడానికి దగ్గరపడింది. కప్పు మీద చెక్కపలకలు సగం ఊడి ఉన్నాయి, మంచు పడేలోపు వాటిమీద రాళ్ళు పేర్చాలి. నువ్వే అంచనా వేసి కుట్టెయ్యి. చిన్నప్పటినుంచీ నా బట్టలు కుట్టింది నువ్వే కదా, నా కాళ్ళు నీకు తెలియనివా?

వంగి కొలుచుకోమన్నావు కాబట్టి ఇంట్లో వంగి కొలిపించుకున్నాను. నిలబడ్డప్పుడు ఎంతొచ్చిందో వంగినా అంతే వచ్చింది. కాబట్టి పాత కొలతలే ఖాయం చేసుకో.

ఫిలొమేనా సంగతి నువ్వనుకున్నట్టు కాదు. మొగుడు పోయాక ఆవిడ రొట్టెల పొయ్యికి కట్టెలు నేనే కొట్టిపెడుతున్నాను. కొట్టిపెట్టేవాణ్ణి. ఇప్పుడు ఆవిడే కొట్టుకుంటోంది.

ఫాదర్‌గారు పోయినేడు ఈ ప్యాంట్ల మీద ఆదివారం ప్రసంగం మొత్తం చెప్పారు గుర్తుందా? ఆడవాళ్ళ సిగ్గు గురించి. ఇప్పుడు ఊళ్ళో మగవాళ్ళందరం అవే వేసుకోబోతున్నామని తెలిశాక, ఈ ఆదివారం చేపల గురించి చెప్పారు.

తొందరగా పంపు.

సెరాఫిన్


ఇన్స్‌బ్రుక్,
14 నవంబరు

సెరాఫిన్,

ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మంగళవారం నువ్వు ఇన్స్‌బ్రుక్‌లో ఉన్నావు. ఆగ్నెస్ చూసింది. స్టేషను ఎదుట కొత్తగా పెట్టిన రెడీమేడ్ బట్టల దుకాణం అద్దాల ముందు, చేతులు కడ్డీకి ఆనించుకుని నువ్వు చాలాసేపు నిలబడ్డావట. పలకరిద్దామని అది రోడ్డు దాటేలోపు వెళ్ళిపోయావు. నీ టోపీ, నీ తెల్లటి మీసం, పొరపాటు పడే ప్రసక్తే లేదంది.

నా దుకాణం అక్కణ్ణించి రెండు వీధుల అవతల. పిండి ఉండలు చేస్తానని రాశాను. ఎర్రావు ఈనుతోందన్నావు.

అయితే రెడీమేడ్ కొనుక్కున్నావన్నమాట. కొనుక్కో, ఎవరు వద్దన్నారు? అద్దం వెనక బొమ్మకి తొడిగితే ఏ ప్యాంటైనా అందంగానే ఉంటుంది, బొమ్మ కొండ దిగక్కర్లేదు కదా. మోకాలి దగ్గర వాళ్ళు ఒక్క మడత కూడా వదలరు. ముందువైపు ఇస్త్రీ గీత నిలవడానికి కుట్టు వెయ్యాల్సిన చోట జిగురు పెడతారు. రెండోసారి తడిసేసరికి నీకే తెలుస్తుంది.

వంగినా నిలబడినా కొలత ఒకటే అని రాశావు. అలా ఏ మనిషికీ రాదు. అసలు కొలిపించుకోనే లేదని నాకు అప్పుడే తెలిసింది. సోమరితనం అనుకుని ఊరుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది, అక్క కుట్టిన బట్ట వేసుకుంటే విగిల్ ముందు పల్లెటూరివాడిలా ఉంటావని నీ భయం.

ఫిలొమేనా కూడా వచ్చిందా? పెళ్ళి బట్టలకైతే ముందే చెప్పాల్సింది.

ఒట్టిలీ


లానెగ్,
19 నవంబరు

అక్కా,

నేనేమీ కొనలేదు. అమ్మ సమాధి మీద ఒట్టు.

వచ్చిన మాట నిజం. స్కీల అడుగున రాసే మైనం బడికి కావాల్సి వస్తే విగిల్ పంపించాడు. తిరుగు బస్సుకి వేళ కావడంతో నీ దగ్గరికి రాలేకపోయాను. ఆ అద్దాల దగ్గర ఊరికే ఆగాను. ఆగిన చోట కిటికీ ఉంది, కిటికీలో ప్యాంట్లున్నాయి. చూడాలని చూడలేదు.

నువ్వు కుట్టింది వేసుకోవడానికి సిగ్గా నాకు? ఎందుకలా అంటావు? నన్ను తిట్టు, పడతాను. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకో.

ఫిలొమేనా రాలేదు. ఆవిడకి నామీద జాలి, అంతకన్నా ఏమీ లేదు.

బడి తెరిచేది డిసెంబరు ఇరవై. నువ్వు పంపకపోతే నాకు జట్టు లేదు. ఎందుకు రాలేకపోయానో ఇంక అడక్కు అక్కా, దయచేసి.

నీ సెరాఫిన్


ఇన్స్‌బ్రుక్,
8 డిసెంబరు

ఒరేయ్,

వెనక్కి తీసుకున్నాను. ఇంక ఆ సంగతి ఎత్తకు.

మీ బస్సు నడిపే కసియన్ చేతికి మూట ఇచ్చాను. అతను నీకొక కబురు కూడా మోసుకొస్తాడు, సిగ్గుపడుతూ చెబుతాడు, నవ్వకు. నువ్వు కొలతలకి రాకపోతే నేనెవరిని కొలవను? నీ ఎత్తూ నీ తొడలూ ఉన్నవాడు మీ లోయలో వాడొక్కడే. పోయిన శనివారం మూటలు దించడానికి వచ్చినవాణ్ణి తలుపేసి బల్ల ఎక్కించాను. "అమ్మా, బస్సులో జనం ఉన్నారు" అన్నాడు. "వాళ్ళ కాళ్ళు వాళ్ళు చాపుకుంటారు, నువ్వు వంగు" అన్నాను. పాపం ఎంత బాగా వంగాడో. కాబట్టి నీది కసియన్ మోకాళ్ళకి కుట్టిన ప్యాంటు. నీకు అచ్చంగా సరిపోతుంది.

నలుపు అసలు నలుపే, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. ముందు గీత కుట్టి పెట్టాను, ఇస్త్రీ అవసరం లేదు. జేబుకి జిప్పు. నడుముకి లోపలివైపు పట్టీ వేశాను, ఎంత వంగినా స్వెట్టరు పైకి రాదు. లోపలి బట్ట, రెండు జతల మేజోళ్ళు కూడా ఉన్నాయి. చేతి తొడుగులు కూడా కొందామని మూడు దుకాణాలు తిరిగాను. మేకతోలువి మెత్తగా ఉన్నాయి గానీ తడిస్తే బిరుసెక్కుతాయట. పందితోలువి కొన్నాను, అందం లేదు, నాకంటే ఎక్కువకాలం ఉంటాయి. డబ్బు మాట రాశావంటే మూట వెనక్కి తెప్పించుకుంటాను.

వేసుకునేటప్పుడు ముందు పట్టీలు పాదాల కింద పెట్టుకుని, ఆ తరవాత పైకి లాక్కో. ఆరేసేటప్పుడు పొయ్యి దగ్గర వెయ్యకు.

జాలి అని రాశావు ఫిలొమేనా గురించి. ఆడదాని మనసు అర్థం కానప్పుడు మగవాళ్ళు దానికి పెట్టే పేరే అది.

వరసలో అందరికంటే నువ్వే బావుండాలి.

అక్క


లానెగ్,
12 జనవరి 1958

మా దర్జీ మహారాణికి,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించు. క్రిస్మస్ నుంచి ఊపిరాడ్డం లేదు. ఊళ్ళో మంచాలు చాలక అతిథులు ఫిలొమేనా పిండిగదిలో కూడా పడుకున్నారు.

బడి తెరిచిన రోజు వరసలో పద్నాలుగు మందిమి నిలబడ్డాం. పదమూడు ప్యాంట్లు దుకాణంవే. విగిల్ వరస చివరిదాకా వచ్చి నా ముందు ఆగి, కిందికీ మీదికీ చూసి, "బాబాయ్, ఇదెక్కడిది?" అన్నాడు. "మా అక్కది" అన్నాను. "మిగతావాళ్ళకి కూడా కుడుతుందా?" అన్నాడు. ఆ మాట నీకు చేరవెయ్యమన్నాడు, చేరవేశాను. అద్దంలో చూసుకుంటే నాకే కొత్తగా అనిపించింది. వెనకనుంచి చూస్తే నలభై అంటోంది ఫిలొమేనా. ముందునుంచి అడిగితే రొట్టెలు మాడుతున్నాయని లోపలికెళ్ళింది.

నాకు జట్టు ఇచ్చారు. అదీ అసలు కబురు. ఈ మూడు వారాలూ బొమ్మలాంటి జర్మన్ పిల్లలు, కొత్తవాళ్ళు నేర్చుకునే పచ్చిక వాలు మీదే. ఫిబ్రవరికి మా టెర్‌స్ట్రా అమ్మగారు వస్తున్నారు, హాలండు ఆవిడ, చెప్పాను కదా. ఏటా నా పేరు చెప్పి మరీ నన్నే అడుగుతుంది. ఈసారి వాళ్ళ చర్చిలో పాడే బృందాన్నంతా వెంటబెట్టుకొస్తోంది. ఆవిడ తప్ప అందరూ కొండ మొహం చూడనివాళ్ళే. వాళ్ళ కోసమే ఎదురుచూస్తున్నాను.

ఒక చిన్న పని పడింది. కుడికాలు కింద పట్టీ తెగింది. తప్పు నీది కాదు, బూటు కొక్కేనికి తగులుకుంది. కసియన్‌కిచ్చి పంపుతున్నాను, రెండు రోజుల్లో కుట్టి పంపెయ్యి. అందాకా జ్వరమని చెప్పి ఇంట్లో ఉంటాను. పాత లాగులో వెళ్తే విగిల్ ఒప్పుకోడు.

నీ అందగాడు,
సెరాఫిన్


ఇన్స్‌బ్రుక్,
15 జనవరి

సెరాఫిన్,

పట్టీ కుట్టడం చిటికెలో పని, అయిపోయింది. ప్యాంటు మాత్రం పంపడం లేదు.

బల్ల మీద పరిచాను. పరిచి చాలాసేపు చూశాను. కుడి మోకాలి దగ్గర గుడ్డ ముందుకి సాగిపోయింది, లోపల పిడికిలి పెట్టినట్టుంది. మూడు వారాలు కొండ దిగితే అలా సాగాల్సిందే. ఎడమ మోకాలి దగ్గర నేను డిసెంబరులో ఎలా మడత పెట్టానో అలాగే ఉంది. ఒక్క ముడత లేదు. ఆ కాలు ఒక్కసారి కూడా వంగలేదు. ఆగ్నెస్‌ని పిలిచి చూపించబోయి ఆగిపోయాను.

ఎడమ మోకాలు వంగదు కదూ నీకు?

అందుకే కొలతలకి రాలేదు. నా బల్ల ఎక్కితే వంగమంటానని తెలుసు. అందుకే కట్టెలు ఫిలొమేనా కొట్టుకుంటోంది, అందుకే నీమీద జాలి. ఇన్స్‌బ్రుక్ వచ్చింది మైనం కోసం కాదు, డాక్టరు దగ్గరికి. ఆ అద్దాల ముందు నిలబడింది ప్యాంట్లు చూడ్డానికి కాదు, అడుగు పడక. నేనేమో నిన్ను రెడీమేడ్ కొనుక్కున్నావని తిట్టాను. రెండు వీధుల అవతల పొయ్యి మీద సూపుంది, అక్క ఉంది, నువ్వు కడ్డీ పట్టుకుని నిలబడి వెళ్ళిపోయావు. నాకెంత బాధగా ఉందో చెప్పలేను. కోపం కూడా అంతే ఉంది.

ఒంటికాలి మీద జనాన్ని కొండ దింపుతున్నావు. నువ్వు పడితే పడ్డావు, వాళ్ళ మాటేమిటి? విగిల్‌కి చెప్పు. నువ్వు చెప్పావని వాడి చేత కబురు పంపు, ఆ రోజే కసియన్ చేతికి ప్యాంటిస్తాను. అప్పటిదాకా అది నా బీరువాలో ఉంటుంది, తాళంచెవి నా మెళ్ళో ఉంటుంది.

ఒట్టిలీ


లానెగ్,
17 జనవరి

ఒట్టిలీకి,

నా ప్యాంటు నాకు పంపు.

అవును, వంగదు. జూన్‌లో పై పచ్చికలో గడ్డిమోపుతో జారాను. బెణికిందని నీకు రాశాను, బెణుకే అనుకున్నాను. ఎముక ఏదో విరిగి వంకరగా అతుక్కుందట. ఇంక ఇంతే, స్కీల మాట మరిచిపొమ్మన్నాడు మీ ఇన్స్‌బ్రుక్ డాక్టరు. వాడికి పాతికేళ్ళుంటాయి. మరిచిపోవడం అంటే గొడుగు మరిచిపోవడం అనుకుంటున్నాడు.

నీ దగ్గరికి ఎందుకు రాలేదంటే, నువ్వు ఒక్క చూపు చూస్తే తెలిసిపోతుందని. తెలిస్తే ఇదిగో, ఇలాగే చేస్తావని.

నేను పచ్చిక వాలు దాటి జనాన్ని తీసుకెళ్ళడం లేదు. అక్కడ పడితే మంచులో కూచున్నట్టే, ఎవరికీ ఏమీ కాదు. ఎడమకాలు చాపి కుడికాలి మీద బరువేసి దిగుతాను. చూసినవాళ్ళు నా తరహా అదే అనుకుంటారు. విగిల్ కూడా ఏమీ అడగలేదు.

నువ్వు నన్ను విగిల్ దగ్గరికి పంపుతున్నానని అనుకుంటున్నావు. చెక్కగదిలోకి పంపుతున్నావు అక్కా. పొలం అన్నయ్యకి వెళ్ళింది, నాకు మిగిలింది రెండావులూ ఈ కొండా. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా నేను మనిషిని. మిగతా ఏడాదంతా ఆ నెలల కోసం ఎదురుచూస్తుంటాను. టెర్‌స్ట్రా అమ్మగారి బృందం వస్తోంది, వాళ్ళకి నేనే కావాలన్నారు. ఆ ఒక్క ఫిబ్రవరి నాకివ్వు. ఆ తరవాత నేనే చెబుతాను.

నీ కోపం తీర్చుకోడానికి నా ప్యాంటు తాళంలో పెట్టకు. ఇది చిన్నప్పటి ఆట కాదు.

సెరాఫిన్


ఇన్స్‌బ్రుక్,
20 జనవరి

తమ్ముడూ,

ప్యాంటు పంపుతున్నాను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కోపం తీర్చుకోడానికి కాదురా. నువ్వు కొండ మీద పడి ఉన్నట్టు రోజూ కల వస్తుంటే ఏం చెయ్యను? అయినా తాళం వెయ్యడం తప్పే. యాభై నాలుగేళ్ళవాడి ప్యాంటు దాచిపెట్టి వాడికి బుద్ధి చెప్పాలనుకోవడం నాకే నవ్వొచ్చింది.

రెండు మోకాళ్ళూ సమానం చేశాను. సాగిన కుడివైపు తడిగుడ్డ వేసి, ఇస్త్రీపెట్టె ఆనించి ఆనించి లోపలికి తెచ్చాను. ఎడమవైపు కొంచెం ముందుకి లాగాను. మధ్యలో ఏడుపొచ్చింది, నీళ్ళు చల్లే పని తప్పింది. ఇప్పుడు ఎవరు చూసినా రెండు కాళ్ళూ వంచే మనిషి ప్యాంటే అంటారు.

నీ అబద్ధానికి సాయం చేశాననుకోకు. నా కుట్టు నిన్ను పట్టివ్వడం నాకిష్టం లేదు, అంతే. నోరు నీది. ఎప్పుడు తెరుస్తావో, ఎవరి ముందు తెరుస్తావో నీ ఇష్టం. ఇంక అడగను.

మోకాలికి కట్టుకోడానికి ఉన్ని పట్టీ ఒకటి అల్లాను, మూట అడుగున ఉంది. లోపలి బట్ట కింద కట్టుకో. బయటికి కనిపించకుండా ఉండేలా ఎంత పల్చగా అల్లొచ్చో అంత పల్చగా అల్లాను.

జాగ్రత్త.

అక్క


లానెగ్,
16 ఫిబ్రవరి

అక్కా,

విగిల్‌కి చెప్పాను. నువ్వు అడగనన్నావు కాబట్టి అడక్కుండానే రాస్తున్నాను.

హాలండు వాళ్ళు పోయిన ఆదివారం దిగారు. పదకొండు మంది. టెర్‌స్ట్రా అమ్మగారు, ఒక దంతవైద్యుడు, ఇద్దరు అక్కచెల్లెళ్ళు, జున్ను వ్యాపారి, తక్కినవాళ్ళ పేర్లు నా నోరు తిరగదు. బట్టలు చూస్తే నువ్వు కళ్ళు మూసుకునేదానివి. జున్ను వ్యాపారి పడవ మీద వేసుకునే పసుపుపచ్చ రెయిన్‌కోటుతో వచ్చాడు. అక్కచెల్లెళ్ళు ప్యాంట్లు ముందూ వెనకా మార్చి తొడుక్కున్నారు, పట్టీలు మడమ వెనక వేలాడుతున్నాయి. మొదటిరోజు సగం వాళ్ళ బట్టలు సరిచెయ్యడానికే సరిపోయింది.

కానీ ఇంత శ్రద్ధగల జట్టు నాకెప్పుడూ దొరకలేదు. వాళ్ళు పాటవాళ్ళు కదా. ముందు నిలబడ్డవాడి చెయ్యి ఎటు కదిలితే అటు పాడటం అలవాటు. నేను మాట్లాడితే వినరు, నన్ను చూస్తారు. నేను తల తిప్పితే పదకొండు తలలు తిరిగేవి. మోకాళ్ళు వంచండి అని నా పాత కేక వేస్తే, ముందు నావంక చూసి ఆ తరవాత వంచేవారు. నేను ముందు దిగుతుంటే వెనక వరసగా వచ్చేవారు. వెనక ఏం జరుగుతోందో నేను చూడలేదు. వాళ్ళు పడటం లేదు, నాకదే చాలనుకున్నాను. చాలా సంతోషంగా ఉన్నానక్కా ఆ వారం. అది దాచను.

నిన్న శనివారం, వారం చివర అతిథుల పోటీ. ఊరంతా వాలు కింద చేరింది. నేర్పేవాళ్ళం కింద నిలబడాలి, మా జట్టు ఒక్కొక్కరే పైనుంచి జెండాల మధ్యగా దిగిరావాలి. అంటే నేను వాళ్ళని ఎదురుగా చూడటం అదే మొదటిసారి.

ముందు దంతవైద్యుడు వచ్చాడు. కుడి మోకాలు చక్కగా వంచి, ఎడమకాలు కర్రలా చాపి, ఎడమ భుజం కొంచెం పైకెత్తి. పాపం కాలు పట్టేసిందేమో అనుకున్నాను. తరవాత అక్కచెల్లెళ్ళలో పెద్దది. ఎడమకాలు చాపి, భుజం ఎత్తి. తరవాత చిన్నది. తరవాత రెయిన్‌కోటు. నాలుగో మనిషి వచ్చేసరికి జనం నవ్వడం మొదలుపెట్టారు. ఎవరో "ఇదేం కొత్త పద్ధతిరా?" అన్నారు. పక్కన నిలబడ్డ మా జోసెల్ "సెరాఫిన్ పద్ధతి" అన్నాడు. వాడు ఊరికే అన్నాడు, వాడికేం తెలియదు. ఒక్కొక్కరే వస్తున్నారు, పదకొండు మందీ, పడకుండా, ఒకే తీరుగా కుంటుకుంటూ. టెర్‌స్ట్రా అమ్మగారు చివర వచ్చింది. ఆవిడకి నేను ఎనిమిదేళ్ళుగా నేర్పుతున్నాను. రెండు మోకాళ్ళూ ఎంత బాగా వంచేదో. వారం రోజుల్లో అదంతా వదిలేసి ఆవిడా అలాగే దిగింది.

జనం నవ్వుతున్నారు, విగిల్ నవ్వడం లేదు. వాడు కొండవైపు చూడటం మానేసి నా ఎడమకాలి వంక చూస్తున్నాడు. అందరూ అటు తిరిగి ఉన్నప్పుడు దగ్గరికెళ్ళి, "జూన్ నుంచి వంగడం లేదురా. నీకు చెప్పకుండా జట్టు తీసుకున్నాను" అన్నాను. వాడు గొంతు తగ్గించి, "డాక్టరు?" అన్నాడు. "ఇంక అంతేనన్నాడు" అన్నాను. అప్పుడు వంగి, నా స్కీలు తనే విప్పి భుజాన వేసుకున్నాడు. ఊరి మధ్యలోంచి నా ఇంటిదాకా అలాగే మోశాడు, నేను పక్కన నడిచాను. రేపు సోమవారం నుంచి హాలండు వాళ్ళ జట్టు వాడిదే. నన్ను టిక్కెట్ల గదిలోకి పొమ్మనలేదు, ఆ మాట నేనే ఎత్తాను. ఎక్కడో ఒకచోట కూచోవాలి కదా. ఫిలొమేనా విని "చలేస్తుంది, పొద్దున్నే వేడిరొట్టె పంపుతాను" అంది. జాలితో అన్నట్టు లేదు.

ఒక్కటి మాత్రం నీకే చెప్పాలి. పోటీ అయ్యాక వాళ్ళు పదకొండు మందీ నా చుట్టూ చేరారు, మొహాలు వెలిగిపోతున్నాయి. టెర్‌స్ట్రా అమ్మగారు నా చెయ్యి పట్టుకుని, "సరిగ్గా మీలాగే దిగాం కదా?" అంది. అచ్చం నాలాగే దిగారన్నాను. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడిచాను అక్కా. ముప్పై ఏళ్ళలో ఎంతోమందికి నేర్పాను, ఎవరూ నన్నంత బాగా చూడలేదు.

నీ తమ్ముడు,
సెరాఫిన్